సైనికుడి మనోవ్యాధి, పింఛను అప్పీలు: మనం చేయగలిగిన సాయం

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు సభలో చేసిన ప్రసంగం. వక్త 1981 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి. సైన్యంలో క్లర్కుగా చేరి, 28 ఏళ్ల సర్వీసు తరువాత 2012లో సుబేదారుగా పదవీ విరమణ చేశారు.)

 

కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఫౌజు కబుర్లు చెప్పండి సుబేదారుగారూ, పిల్లలు సరదాగా వింటారు" అన్నారు. సరదా కబుర్లు చాలా ఉన్నాయి. మధ్యాహ్నం భోజనాల దగ్గర చెబుతాను. నేను చేరింది క్లర్కుగా. తుపాకీ కంటే టైపు మిషను ఎక్కువ పట్టుకున్న చేతులు ఇవి. అందుకని ఈ అరగంటలో మీకు ఒక కాగితాల కబురు చెబుతాను. మన ఊళ్లకు, మన బడికి దగ్గరి సంబంధం ఉన్న కబురే.

మన ప్రాంతంనుంచి పట్టాలానికి వెళ్లడం కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం కాలంనుంచి ఆ ఊరివాళ్లు సైన్యంలో ఉన్నారు. మన ఊళ్లకు అంత పేరు లేకపోయినా, మా బ్యాచ్‌లోనే నలుగురం వెళ్లాం. తరువాతి బ్యాచ్‌లలో ఇంకా ఎక్కువమంది వెళ్లారు. చాలామంది క్షేమంగా తిరిగొచ్చి, ఇల్లు కట్టుకుని, పిల్లల్ని చదివించుకున్నారు. కొందరు దెబ్బలతో వచ్చారు. దెబ్బల్లో రెండు రకాలున్నాయి. కాలు పోయినవాడు కనిపిస్తే ఊరు లేచి కుర్చీ వేస్తుంది. మనసు చెడినవాడు కనిపిస్తే అరుగు మీదివాళ్లు లేచి లోపలికి పోతారు. నేను ఇవాళ మాట్లాడేది ఈ రెండో ఆయన గురించి, ఆయనకు రావలసిన పింఛను గురించి.

ముందు రెండు ముక్కల్లో పద్ధతి చెబుతాను. సైన్యంలో మనిషి ఆరోగ్యాన్ని 'షేప్' అనే అక్షరాలతో కొలుస్తారు. అందులో మొదటి అక్షరం 'ఎస్' మనసుకు సంబంధించినది. ఎస్-1 అంటే అంతా బాగున్నట్టు. ఎస్-5 అంటే ఇక సర్వీసుకు పనికిరాడని. స్కిజోఫ్రీనియా, తీవ్రమైన డిప్రెషన్, బైపోలార్ లాంటి జబ్బు ముదిరి ఎస్-5కి వస్తే మెడికల్ బోర్డు కూర్చుంటుంది. మనవాళ్లు 'బోర్డ్ ఔట్ అయ్యాడు' అనేది దీన్నే. బోర్డు ముఖ్యంగా రెండు సంగతులు తేల్చాలి. వైకల్యం ఎంత శాతం? ఆ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, లేక వేరే కారణంతో వచ్చి సర్వీసు వల్ల ముదిరిందా? సర్వీసు వల్ల వచ్చినా, ముదిరినా ఫలితం ఒకటే. వైకల్యం 20 శాతమో, అంతకంటే ఎక్కువో ఉంటే డిజబిలిటీ పెన్షన్ వస్తుంది. వల్లా రాలేదు, ముదరనూ లేదు అని రాస్తే రాదు.

ఈ ఒక్క గడిలో రాసే మాటకు విలువ ఎంతో లెక్క చూడండి. డిజబిలిటీ పెన్షన్‌లో రెండు భాగాలుంటాయి. సర్వీసు భాగం ఆఖరి జీతంలో సగం. జబ్బుతో బోర్డ్ ఔట్ అయినవాడికి దీనికి కనీస సర్వీసు ఇంతుండాలనే షరతు లేదు. వైకల్యం భాగం, నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం. తక్కువుంటే ఆ లెక్కన తగ్గుతుంది. పైగా 50 కంటే తక్కువున్న శాతాన్ని 50గా, 50నుంచి 75 వరకు ఉన్నదాన్ని 75గా, ఆపైది నూరుగా తీసుకునే పద్ధతి ఉంది. అంటే 40 శాతం రాసినా 50గా లెక్కించి 15 శాతం ఇస్తారు. మొత్తం మీద ఆఖరి జీతంలో 65 శాతం. దానికి డీఏ కలుస్తుంది, ఆసుపత్రి సౌకర్యం కలుస్తుంది. అదే 'సర్వీసుకు సంబంధం లేదు' అని రాస్తే, పదేళ్లు నిండనివాడికి చాలాకాలం గ్రాట్యుటీ చేతిలో పెట్టి పంపించడమే. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రవాడు, మందులు మానకూడని జబ్బు, నెలకు పైసా రాదు.

ఇప్పుడు ఒక ఇంటి సంగతి చెబుతాను. ఊరు చెప్పను, పేరు చెప్పను. ఆ తల్లి అనుమతి తీసుకునే చెబుతున్నాను.

2018లో ఆవిడ వితంతు పింఛను కాగితం రాయించుకోవడానికి నా దగ్గరికి వచ్చింది. ఆధార్ కార్డు ఇంట్లో మరిచిపోయానంటే, కుర్రాణ్ణి పంపడం ఎందుకని నేనే వెంట వెళ్లాను. గదిలో మూల ఒక నల్ల ట్రంకు పెట్టె. దాని మీద తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు. ఫౌజువాడికి ఆ పెట్టె ఎక్కడున్నా తెలిసిపోతుంది. "ఎవరిదమ్మా ఇది?" అన్నాను. "మా అబ్బాయిది బాబూ. లోపల పడుకున్నాడు. వాడికి గాలి సోకింది. బయటికి రాడు" అంది. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో ఒక మాజీ సైనికుడు ఉన్నాడని పక్క వీధికి తెలియదు. గుడికి తీసుకెళ్లారు, దర్గాకి తీసుకెళ్లారు, తాయెత్తు కట్టించారు. కోడలు పుట్టింటికి వెళ్లిపోయింది.

పెట్టె తెరిస్తే అడుగున ఒక కవరు. 2011లో వచ్చిన ఇంగ్లీషు ఉత్తరం. దాని సారాంశం ఇంతే: మీ జబ్బు సైనిక సేవ వల్ల కలిగినది కాదు, దానివల్ల ముదిరినదీ కాదు, ఈ నిర్ణయం మీద ఆరు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆ ఉత్తరం ఎవరికి రాశారో గమనించండి. గోడకేసి తిరిగి పడుకుని, తల్లి పెట్టిన ముద్ద తినడానికి గంట పట్టే మనిషికి రాశారు. అప్పీలు చేసుకోవలసినవాడు ఆయన! కాలు పోయినవాడు కర్ర పట్టుకునైనా జిల్లా కేంద్రానికి వెళ్లి దరఖాస్తు ఇచ్చి వస్తాడు. ఏ జబ్బు గురించి అప్పీలు చేయాలో ఆ జబ్బే అప్పీలు చేసే శక్తిని తీసుకుపోయింది. మనోవ్యాధి కేసుల్లో అసలు చిక్కు ఇది. మిగతా చిక్కులన్నీ దీని తరువాతే.

ఇక బోర్డు ఏం రాసిందో చూద్దామని ఆయన తరఫున దరఖాస్తు పెట్టి మెడికల్ బోర్డు కాగితాలు తెప్పించాం. ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 అంటారు దాన్ని. కారణం రాయవలసిన చోట ఒకటిన్నర వరుస. జబ్బు శరీరతత్వానికి సంబంధించినది, శాంతి స్టేషనులో మొదలైంది, సర్వీసుకు సంబంధం లేదు. అంతే.

మన లెక్కల మాస్టారిని గుర్తు చేసుకోండి. ఆ రోజుల్లో ఇక్కడ చదివినవాళ్లందరూ ఆయన చేతి దెబ్బ తిన్నవాళ్లే. జవాబు సరైనదైనా, స్టెప్పులు రాయకపోతే సున్నా వేసేవారు. "జవాబు ఎవడి కాయితంలోంచైనా చూసి రాయొచ్చురా, దారి చూపించు" అనేవారు. దేశంలో పెద్ద కోర్టులు ఈ కేసుల్లో చాలాసార్లు చెప్పింది కూడా ఇదే. జబ్బు సర్వీసుకు సంబంధించినది కాదని బోర్డు అనవచ్చు. కానీ ఎందుకు కాదో రాయాలి.

2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని గట్టిగా చెప్పింది. ఆయనది మూర్ఛ జబ్బు. 1982 నాటి నిబంధనల ప్రకారం, చేర్చుకునేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే ఆరోగ్యంగానే చేరినట్టు భావించాలి. రుజువు భారం సైనికుడి మీద లేదు, సందేహం ఉంటే దాని లాభం ఆయనకే దక్కాలి. చేరినప్పుడు పరీక్షలో జబ్బు బయటపడే వీలు లేదని డాక్టర్లు అంటే, దానికి కారణాలు రాయాలి. అదే ఏడాది వీర్‌పాల్ సింగ్ కేసులో, అది స్కిజోఫ్రీనియా కేసే, మెడికల్ బోర్డు మాట తిరుగులేని శాసనం కాదని చెప్పి, మళ్లీ బోర్డు పెట్టి పరీక్షించమని సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇంతటితో ఆపితే నేను మీకు సగం నిజమే చెప్పినవాణ్ణవుతాను. 2019లో నర్సింగ్ యాదవ్ కేసు వచ్చింది. అదీ స్కిజోఫ్రీనియాయే. మనసు జబ్బులు చేరేటప్పటి పరీక్షలో బయటపడకపోవచ్చు, కాబట్టి అప్పట్లో రాయలేదన్న ఒక్క కారణంతో సర్వీసు వల్లే వచ్చిందనలేం, డాక్టర్ల అభిప్రాయానికి విలువ ఇవ్వాలి అని సుప్రీంకోర్టు ఆయన అప్పీలు కొట్టేసింది. తరువాత 2025 మే నెలలో, స్కిజోఫ్రీనియాతో పంపేసిన మరో సిపాయి కేసులో, బోర్డు కారణాలు రాయలేదు గనుక ఆ అభిప్రాయం మీద ఆధారపడి పింఛను నిరాకరించడం చెల్లదని తీర్పు ఇచ్చింది. కొందరు ఇవి ఒకదానికొకటి పడవంటారు. నాకు అర్థమైనంతలో చెబుతాను. 'చేరినప్పుడు బాగానే ఉన్నాడు కదా' అన్న ఒక్క మాట పట్టుకుని వెళ్తే ఓడిపోవచ్చు. బోర్డు రాయని స్టెప్పులు ఏమిటో చూపించి, మన దగ్గరున్న తేదీలు పక్కన పెడితే నిలబడే అవకాశం ఉంది.

ఆ తేదీల సంగతి చెబుతాను, ఇది జాగ్రత్తగా వినండి. సైనిక డాక్టర్లకు ఒక గైడ్ పుస్తకం ఉంది. 2008లో సవరించిన గైడ్‌లో 54వ పేరా మనసు జబ్బుల గురించి. ఏ పరిస్థితుల్లో సర్వీసు వల్ల వచ్చిందని ఒప్పుకోవాలో అందులో వరుసగా ఉంది. యుద్ధరంగంలో, తీవ్రవాదుల ఏరివేత జరిగే చోట, ఎత్తైన మంచు ప్రాంతంలో, మనిషి జాడ లేని పోస్టులో పనిచేస్తుండగా వస్తే. తుపాను, భూకంపం లాంటి ఉపద్రవాల్లో శవాల మధ్య పనిచేసి వస్తే. ప్రాణాలు పోయిన వాహన ప్రమాదంలో ఉండి వస్తే. ఏ పరిస్థితుల్లో సర్వీసు వల్ల ముదిరిందని అనుకోవాలో కూడా ఉంది. డ్యూటీ అవసరాల వల్ల సెలవు ఇవ్వకపోయిన మూడు నెలల లోపల జబ్బు బయటపడితే చూడమంటుంది. అయితే ఏ సెలవు పడితే అది కాదు. ఒక్కడే సంతానమైనవాడికి తల్లో తండ్రో పోయినప్పుడు, భార్యో బిడ్డో పోయినప్పుడు, తుపానులోనో భూకంపంలోనో ఇంటివాళ్ల ప్రాణాలు ప్రమాదంలో ఉన్నప్పుడు, తండ్రి లేని ఇంట్లో ఒక్కడే అన్నదమ్ముడై చెల్లెలి పెళ్లి ఉన్నప్పుడు. నేను మొదటిసారి చదివినప్పుడు ఆశ్చర్యపోయాను. మన ఇళ్ల సంగతులు తెలిసినవాళ్లే రాసినట్టుంది. చెల్లెలి పెళ్లికి వెళ్లలేకపోయిన అన్న కడుపులో ఏముంటుందో ఆ పేరా రాసినవాళ్లకు తెలుసు.

అయితే ఈ పేరా పనిచేయాలంటే తేదీలు కావాలి. మన కుర్రవాడి పెట్టెలో ఉన్నవి ఇవి. తండ్రి చనిపోయినట్టు 2009 జనవరిలో ఇచ్చిన టెలిగ్రాం రసీదు. ఆయన ఒక్కడే కొడుకు. అప్పుడు యూనిట్ కశ్మీరులో తీవ్రవాదుల ఏరివేతలో ఉంది. సెలవు వెంటనే దొరకలేదు. నలభై రోజుల తరువాత ఇంటికి వచ్చిన సెలవు సర్టిఫికెట్. తిరిగి వెళ్లాక మార్చి నెలలో రాసిన రెండు ఇన్‌లాండ్ ఉత్తరాలు, 56 ఏపీఓ అడ్రసుతో, ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రతో. మొదటిదాంట్లో "నాన్న రాత్రిళ్లు పోస్టు దగ్గరికొచ్చి పిలుస్తున్నాడు" అని రాశాడు. ఏప్రిల్‌లో యూనిట్ డాక్టరు రాసిన చీటీ: నిద్ర లేదు, తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. జూన్‌లో యూనిట్ శాంతి స్టేషనుకు మారింది. ఆగస్టులో ఆసుపత్రిలో చేర్చారు. బోర్డు చూసింది ఆగస్టును. 'శాంతి స్టేషనులో మొదలైంది' అని రాసింది. ఏప్రిల్ చీటీ తల్లి పెట్టెలో ఉంది.

అందుకని ఒక మాట అందరికీ చెబుతున్నాను. మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ ఇలాంటివాడు ఉంటే, పాత ఉత్తరాలు కాల్చకండి, సామానువాడికి తూకానికి వేయకండి. పోస్టు ముద్ర ఉన్న కవరు కూడా సాక్ష్యమే. డిశ్చార్జి పుస్తకం, ఆసుపత్రి చీటీలు, సెలవు సర్టిఫికెట్లు, మనియార్డరు రసీదులు, ఇంట్లో జరిగిన చావులకు, పెళ్లిళ్లకు తేదీ చెప్పే కాగితాలు, అన్నీ ఒక ఫైలులో పెట్టండి. మానసిక జబ్బు అనుమానం వచ్చినప్పుడు కమాండింగ్ ఆఫీసరు డాక్టరుకు ఒక నివేదిక పంపుతారు, ఏఎఫ్ఎంఎస్ఎఫ్-10 అని. ఆ మనిషి అంతకు ముందు ఎలా ఉండేవాడు, ఎప్పటినుంచి మారాడు అన్నది అందులో ఉంటుంది. దాని నకలు తప్పకుండా అడగండి. మన కేసులో ఆ నివేదికలో 'జనవరి వరకు మంచి సిపాయి, క్రమశిక్షణ గలవాడు' అని ఉంది. ఆ ఒక్క వాక్యం ఎంతో పనిచేసింది.

ఇంకొకటి. ఏ తేదీన బయటికి వచ్చాడో ఆ నాటి నిబంధనలు వర్తిస్తాయి. పాతవాళ్లకు 1982 నిబంధనలు. 2008 జనవరి నుంచి వచ్చినవాళ్లకు 2008వి. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు, కొత్త గైడ్ వచ్చాయి. ఒకరి తీర్పు చూసి ఇంకొకరి అప్పీలులో దించేయకండి. 2008 నిబంధనల్లో మరో మెలిక ఉంది. బయటికి వచ్చిన పదిహేనేళ్ల తరువాత, అప్పటికి రికార్డులు నాశనమయ్యాక క్లెయిము పెడితే, రుజువు భారం సైనికుడి మీదికి వస్తుంది. కాబట్టి ఎంత తొందరగా కదిలితే అంత మంచిది.

దారి ఇలా ఉంటుంది. నిరాకరణ ఉత్తరం అందిన ఆరు నెలల్లో మొదటి అప్పీలు. ఆలస్యమైతే కారణం రాసి, జబ్బుకు సంబంధించిన చీటీలు జతచేసి పంపండి. అది కాదంటే రెండో అప్పీలు. అక్కడా కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007 చట్టంతో వచ్చింది, 2009 నుంచి పనిచేస్తోంది. అంతకు ముందు ఇలాంటివాళ్లు హైకోర్టుల చుట్టూ తిరిగేవారు. ట్రిబ్యునల్ తీర్పు మీద కూడా హైకోర్టుకు వెళ్లే దారి మూసుకుపోలేదని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సైనికుడు తానుగా సంతకం పెట్టే స్థితిలో లేకపోతే తల్లిగానీ భార్యగానీ ఆయన తరఫున నిలబడడానికి వీలుంది. డాక్టరు సర్టిఫికెట్ జతచేయాలి.

మన కేసు 2018లో అప్పీలుతో మొదలై, 2019లో ట్రిబ్యునల్‌కు వెళ్లి, మధ్యలో కరోనా వచ్చి, 2022లో తేలింది. సర్వీసు వల్ల జబ్బు ముదిరిందని ఒప్పుకున్నారు. బోర్డు వేసిన 40 శాతాన్ని 50గా లెక్కించారు. పింఛను వచ్చింది. కానీ బకాయిలు మాత్రం కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లవే ఇచ్చారు. 2008లో తార్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన లెక్క అది. పింఛను రాకపోవడం నెలనెలా కొనసాగే నష్టం గనుక ఎప్పుడైనా అడగవచ్చు. వెనకటి బకాయి మాత్రం మూడేళ్లకు మించి రాదు. 2010 నుంచి 2016 వరకు ఆరేళ్ల డబ్బు పోయింది. ఆ ఆరేళ్లూ ఆ తల్లి కూలికి వెళ్లి కొడుక్కి మందులు కొన్నది. కొన్ని నెలలు కొనలేకపోయింది. మందు ఆగిన నెలల్లోనే జబ్బు ఎక్కువైంది. పోయింది డబ్బు ఒక్కటే కాదని అందుకే అంటున్నాను.

అన్నీ గెలుస్తామని చెప్పను. ఇంకొక కుర్రవాడి కేసు చూశాం. చేరిన మూడేళ్లకే, 2020లో బోర్డ్ ఔట్ అయ్యాడు. చేరకముందే ఇంటి దగ్గర చికిత్స జరిగినట్టు తండ్రి స్వయంగా ఆసుపత్రిలో చెప్పాడు. బోర్డు ఆ సంగతి రాసింది, కారణాలూ రాసింది. స్టెప్పులన్నీ ఉన్న లెక్క అది. అక్కడ పట్టుబట్టి లాభం లేదని తండ్రికి చెప్పాం. కానీ చేతులు ముడుచుకోలేదు. 2020 జూలైలో రక్షణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. 2019 జనవరి 4న, ఆ తరువాత సర్వీసులో ఉన్నవాళ్లకు, పదేళ్లు నిండకపోయినా, జబ్బు సర్వీసుకు సంబంధించినది కాకపోయినా ఇన్వాలిడ్ పెన్షన్ ఇవ్వవచ్చని. బయట కూడా ఏ ఉద్యోగమూ చేయలేని స్థితి అయి ఉండాలని అందులో షరతు పెట్టారు. ఆ దారిలో దరఖాస్తు పెడితే మంజూరైంది. డిజబిలిటీ పెన్షన్ కంటే తక్కువే. అయినా నెలనెలా వస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. నిన్న రాత్రి మన మిత్రుడొకడు నన్ను అడిగాడు కూడా. "ఇందులో దొంగ క్లెయిములు ఉండవా?" అని. ఉంటాయి. రిటైరయ్యేముందు బీపీ, షుగరు చూపించి శాతం రాయించుకునేవాళ్ల గురించి సైన్యంలోనే చర్చ ఉంది. 2023 కొత్త నిబంధనల వెనక ఆ ఆలోచనా ఉంది. ఖజానాను కాపాడవలసిన బాధ్యత ప్రభుత్వానికి ఉంది, కాదనను. కానీ ఇరవై ఎనిమిదేళ్లకే ఉద్యోగం, కాపురం, స్నేహితులు అన్నీ పోగొట్టుకుని గోడకేసి తిరిగి పడుకున్నవాడు దొంగ క్లెయిము పెట్టడు. అసలు క్లెయిమే పెట్టడు. గొంతు ఉన్నవాడి కోసం గట్టి చేసిన గేటు ముందు, గొంతు లేనివాడు ఆగిపోతున్నాడు. వైకల్యం కేసుల్లో గెలిచిన సైనికుల మీద ప్రభుత్వం వరుసగా అప్పీళ్లు వేయడం తగ్గించుకోవాలని 2015లో రక్షణ మంత్రి వేసిన నిపుణుల కమిటీయే చెప్పింది. అయినా 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి ప్రభుత్వ పిటిషన్లు దాదాపు 300 ఒకేసారి కొట్టివేయవలసి వచ్చింది. గెలిచినా వెంటనే చేతికి రాకపోవచ్చని కుటుంబాలకు ముందే చెప్పి ఉంచాలి. లేకపోతే మధ్యలో నీరసపడిపోతారు.

సరే, మన సంఘం ఏం చేయగలదు? స్వర్ణోత్సవానికి గుర్తుగా కమాను కడదామని, వాటర్ ప్లాంట్ పెడదామని ప్రతిపాదనలు వచ్చాయి. చేయండి, నా వంతు చందా ఇస్తాను. దానితోపాటు పెద్దగా ఖర్చు లేని మూడు పనులు అడుగుతున్నాను.

మొదటిది. మన బడినుంచి పట్టాలానికి వెళ్లినవాళ్ల జాబితా బ్యాచ్‌లవారీగా రాయండి. ఎవరు ఎక్కడున్నారో కనుక్కోండి. 'వాడు ఎవరితో మాట్లాడడు', 'ఇంట్లోంచి రాడు' అని చెప్పే పేర్ల దగ్గర ఆగండి. ఆ ఇంటికి వెళ్లండి. వెళ్లి 'పిచ్చి' అన్న మాట వాడకండి. "మావాడితో కలిసి చదివినవాళ్లం, పలకరించిపోదామని వచ్చాం పిన్నిగారూ" అంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది.

రెండోది. నెలకొక ఆదివారం, బడిలోనే, ఒక గది. మనలో ఇంగ్లీషు ఉత్తరం చదవగలిగిన రిటైర్డు టీచర్లు ఉన్నారు, బ్యాంకువాళ్లు ఉన్నారు, ఇద్దరు వకీళ్లు ఉన్నారు. నేను ఉన్నాను. కాగితాలు చదివి, తేదీలు వరుసగా ఒక పేజీలో రాసిపెట్టడమే సగం పని. మిగతా సగానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. 2025 జూలై 26న, కార్గిల్ విజయ దినం నాడు, జాతీయ న్యాయ సేవల సంస్థ 'వీర్ పరివార్ సహాయతా యోజన' మొదలుపెట్టింది. సైనిక బోర్డుల దగ్గర ఉచిత న్యాయ సహాయ కేంద్రాలు పెట్టడం దాని ఉద్దేశం. అక్కడికి తీసుకెళ్లే మనిషి ఒకరు కావాలి, అంతే.

మూడోది, పింఛను కంటే ముందుది. వైద్యం. కేసు తేలేవరకు మందు ఆగకూడదు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కరలేదు. మనలో డాక్టర్లున్నారు. ఈ గదికి నెలకు గంట ఇవ్వమని వాళ్లను ఈ సభలోనే అడుగుతున్నాను. ముందు వరుసలో ఇద్దరు తల ఊపారు, చూశాను. కార్యదర్శిగారూ, పేర్లు రాసుకోండి.

ఆ కుర్రవాడు ఇప్పుడెలా ఉన్నాడని అడుగుతారేమో. మందులు క్రమంగా వేసుకుంటున్నాడు. పూర్తిగా కోలుకున్నాడని చెప్పలేను. పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటున్నాడు, ఆ అలవాటు పోలేదు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి తల్లితో కలిసి తానే వస్తున్నాడు, సంతకం తానే పెడుతున్నాడు. ఆవిడ మొన్న నాతో, "నా తరువాత వీడి గతేమిటా అని రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు బాబూ. ఇప్పుడు పడుతోంది" అంది.

ఈ పని మొదలుపెట్టడానికి వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం తొమ్మిదింటికి, పాత తొమ్మిదో తరగతి 'బి' సెక్షన్ గదిలో కూర్చుందామని హెడ్‌మాస్టరుగారి అనుమతి తీసుకున్నాను. రాగలిగినవాళ్లు రండి. దూరంలో ఉన్నవాళ్లు మీకు తెలిసిన పేర్లు రాసి పంపండి.